తీగల మీద తిరునాళ్ళు

శ్రీశైలం వెళ్ళేవారికి మన్ననూరు తెలియకపోదు. హైదరాబాదు నుంచి వచ్చే రోడ్డు హాజీపూరు దాటి కొండ యెక్కగానే వచ్చే వూరు అది. అక్కడ అడవిశాఖవారి గేటు వుంది. రాత్రి తొమ్మిదింటికి దించారంటే మళ్ళీ తెల్లవారి ఆరింటికిగాని యెత్తరు. అవతల పులులు తిరిగే అమ్రాబాదు అడవి మరి! కార్తీకమాసంలో ఒక ఆదివారం వేకువను ఆ గేటు ముందు కార్లూ, జీపులూ, యాత్రికుల బస్సులూ అరమైలు పొడవున బారులు తీరి వున్నాయి. మేము టీకొట్టు బల్ల మీద కూర్చున్నాము. నా వెంట మా మేనల్లుడున్నాడు. అతడు ఇంజనీరు, లోడ్ డిస్పాచ్ సెంటరులో, అంటే రాష్ట్రంలో కరెంటు యెక్కడినుంచి యెక్కడికి యెంత పోవాలో రేయింబవళ్ళు చూసే కార్యాలయంలో, వుద్యోగం.

"మామా, మా నౌకరీ అంతా గీ గేటు కాడి పనే" అన్నాడు.

టీకొట్టు ఆసామి ఆ మాట అందుకొన్నాడు. "మీది కరెంటాఫీసా సారూ? డ్యామేమో మా దిక్కున్నది. కరెంటేమో మా నెత్తిమీదికెంచి పట్నం బోతది. మా బోర్లకు ఒకప్పుడు అర్ధరాత్రి ఇచ్చేటోళ్ళు. ఎందుకట్ల?"

ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం రాయచూరు, రామగుండం, రాయపూరుల దాకా తిరిగి వస్తుంది.

కరెంటు తీగల మీద కూడా రద్దీ వుంటుందంటే చాలామందికి వింతగా తోస్తుంది. అన్నట్టు యీ "రద్దీ" అనే మాట తమాషా అయినది. హిందీవాడికి రద్దీ అంటే చిత్తుకాగితాలు. మన దగ్గరికి వచ్చేసరికి అది జనసమ్మర్దం అయి కూర్చుంది. ఇంజనీర్లు "కంజెషన్" అంటారు. పేరు ఏదైనా, గేటు ముందు కార్ల రద్దీకీ తీగ మీద కరెంటు రద్దీకీ ఒక పెద్ద తేడా వుంది. కారు ఆగుతుంది, హారను కొట్టుకుంటూ తన వంతు కోసం కాచుకొంటుంది. కరెంటు కాచుకోదు. పుట్టిన క్షణంలోనే అది ఖర్చయిపోవాలి. తీగ మోయలేకపోతే క్యూ కట్టదు, తీగనే తెంపుకొంటుంది. లేదా కాపలా యంత్రం ఆ లైనును కట్టివేస్తుంది. కనుక రద్దీ నిజానికి తీగ మీద కనిపించదు. అది ముందే, కాగితం మీద, అర్జీల రూపంలో కనిపిస్తుంది. "రేపు సాయంకాలం ఆరున్నరకు మాకు యింత కరెంటు తోలండి" అని అడిగేవారి మొత్తం, తీగ మోయగలిగినదానికి మించితే రద్దీ అన్నమాట. అప్పుడు కొందరికి లేదని చెప్పాలి. ఎవరికి లేదనాలి, యే ధర మీద లేదనాలి అన్నదే యీ శాస్త్రమంతా.

తీగ మోయగల బరువును నిర్ణయించేవి మూడున్నాయి. మొదటిది వేడి. కరెంటు యెక్కువగా ప్రవహించినకొద్దీ తీగ వేడెక్కుతుంది, వేడెక్కి సాగుతుంది, సాగి కిందికి వేలాడుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గాలి లేని వేళ యీ బాధ మరీ యెక్కువ. కింద చెట్టు కొమ్మకు తగిలిందా, అంతే సంగతులు. రెండవది వోల్టేజి, దూరం పోయినకొద్దీ, బరువు పెరిగినకొద్దీ అది పడిపోతుంది. వూరి చివర ఇళ్ళలో బల్బు మినుకుమినుకుమనడం మనం యెరిగినదే. మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. దేశంలోని జనరేటర్లన్నీ ఒకే తాళంలో, సెకండుకు యాభై ఆవృత్తాలతో తిరగాలి. పొడవైన లైను రెండు గుంపుల జనరేటర్లను కలిపే పగ్గం వంటిది. పగ్గాన్ని మితిమీరి లాగితే తాళం తప్పుతుంది. ఒక గుంపు నుంచి రెండవది విడిపోతుంది. వందల కిలోమీటర్ల లైన్లకు చాలాచోట్ల హద్దు వేడి కాదు, యీ తాళమే.

పైగా తీగను నిండుగా వాడనివ్వరు. పెళ్ళివారింట్లో ఇద్దరు వంటవాళ్ళుంటే, ఒకడికి జ్వరం వచ్చినా రెండవవాడు పంక్తి తప్పకుండా వడ్డించగలగాలి గదా! ఇద్దరికీ శక్తికి మించిన పని ముందే అప్పగిస్తే, ఒకడు పడుకోగానే పెళ్ళి అభాసుపాలు. తీగల విషయంలో కూడా అంతే. ఏ ఒక్క లైను తెగినా మిగిలినవి ఆ బరువు మోయగలిగేటట్లు ముందుగానే చోటు వుంచాలి. అందువల్ల బయటనుంచి చూసేవారికి "తీగ సగం ఖాళీగా వున్నదే, మా వూరికి కరెంటు ఎందుకివ్వరు?" అనిపిస్తుంది. ఆ ఖాళీయే మన దీపం.

ఇంకొక చిక్కు వుంది. కరెంటు మనం గీసిన దారిన పోదు. ఛత్తీస్‌గఢ్‌లో కొని హైదరాబాదుకు తెచ్చుకొంటున్నామని కాగితం మీద రాసుకొంటాము. అది నేరుగా వార్ధా మీదుగా రాదు. కొంత షోలాపురం, రాయచూరుల చుట్టు తిరిగి వస్తుంది, కొంత ఒరిస్సా వైపునుంచి శ్రీకాకుళం దిగి వస్తుంది. మళ్ళలో నీళ్ళు వదిలితే ఏ కాలువ పల్లంగా వుంటే దానిలో యెక్కువ, మెరకగా వున్నదానిలో తక్కువ పారినట్లు, అడ్డు తక్కువ వున్న లైనులో యెక్కువగా, అన్నిటిలోనూ కొంతకొంతగా పంచుకొని వస్తుంది. అంటే యిద్దరి మధ్య బేరం మూడవవాడి లైను మీద బరువు వేస్తుంది. వాడికి మన బేరంతో సంబంధమే లేదు!

ఇక మన దక్షిణాది కథకు వస్తాను. చాలాకాలం దక్షిణాది రాష్ట్రాలది ఒక వేరు కుంపటి. ఉత్తరం, తూర్పు, పడమర, యీశాన్యం ఒకటిగా కలిసిపోయినా దక్షిణాది తన తాళం తాను వేసుకొంటూ వుండేది. మధ్యలో కొన్ని ద్వారాలుండేవి: రామగుండానికీ చంద్రపురానికీ మధ్య 1,000 మెగావాట్లది ఒకటి, విశాఖపట్నం దగ్గర గాజువాకలో అంతే పాటిది యింకొకటి, ఒరిస్సాలోని తాల్చేరునుంచి కర్ణాటకలోని కోలారు దాకా ఒక పొడవైన లైను. ఇవన్నీ ఏకముఖ విద్యుత్తువి. ఇటువంటి ద్వారం దగ్గర మీట తిప్పినంతే కరెంటు పోతుంది; తాళాల పేచీ లేదు. మన్ననూరు గేటు వంటివే యివి.

ఆ గేట్ల విలువ 2012 జూలైలో తెలిసివచ్చింది. జూలై 30 వ తేదీ తెల్లవారుజామున రెండున్నర దాటాక మధ్యప్రదేశ్‌లోని బీనా–గ్వాలియరు లైను విడిపోయింది. పక్కనున్న రెండవ లైనును మరమ్మతుకోసం, పెద్దది చేసేందుకోసం అప్పటికే ఆపివుంచారు. ఉన్న ఒక్క లైను మీద బరువు పెరిగిపోయింది. అది తెగలేదు, చెట్టుకు తగలలేదు. కాపలా యంత్రం ఆ బరువును చూసి యెక్కడో ప్రమాదం జరిగిందని భ్రమపడి లైను విడదీసింది. ఉత్తరాది అంతా చీకటి. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ అదే పని జరిగి, ఉత్తరం, తూర్పు, యీశాన్యం మూడూ కూలిపోయాయి. అరవై కోట్లమంది ఇళ్ళకు కరెంటు పోయిందని లెక్క. రైళ్ళు పట్టాల మీద ఆగిపోయాయి. గనుల్లో మనుషులు చిక్కుకొన్నారు. మన ఇళ్ళలో మాత్రం ఫాన్లు తిరుగుతూనే వున్నాయి. వేరు కుంపటి మనలను కాపాడింది.

కాపాడిన గోడే కడుపు మాడ్చింది. అదే 2012 లో మన పరిశ్రమలకు "పవర్ హాలిడే" అనే కొత్తరకం సెలవు వచ్చింది. పల్లెల్లో గంటల తరబడి కోతలు. ఉత్తరాన, పడమరన కరెంటు అమ్ముతామనేవాళ్ళు లేకపోలేదు. కొనడానికి మనమూ సిద్ధమే. దారి లేదు! దేశంలో 2008 నుంచి కరెంటుకు కూడా ఎక్స్చేంజి, అంటే బజారు, వున్నది. రేపటి దినాన్ని పావుగంట చొప్పున తొంభయ్యారు ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తమ ధరలు రాసి పంపుతారు. దేశమంతటికీ ఒకే ధర తేలాలని వుద్దేశం. ఐతే ఆ ధరకు బేరాలన్నీ కుదిరితే దక్షిణాది గేటు పట్టదని తేలినప్పుడు బజారును రెండుగా చీలుస్తారు. గేటుకు అవతల ఒక ధర, ఇవతల ఒక ధర. అవతల సరుకు నిలవ, కనుక చౌక; ఇవతల కరువు, కనుక మంట. ఏళ్ళ తరబడి మనం ఆ ఖరీదయిన వైపున నిలబడ్డాము. రెండు ధరల మధ్య తేడా సొమ్ము యెవరి జేబులోకి పోతుందని నేను అడిగాను. అది విద్యుత్ వ్యవస్థ అభివృద్ధి కోసం పెట్టిన ఒక నిధికి జమ అవుతుందట. గేటు ఇరుకైనందువల్ల వచ్చిన డబ్బు గేటును వెడల్పు చేసేందుకు పనికి రావడం న్యాయమే గాని, అప్పటికి ఎండిపోయిన వరికి దానితో పని లేదు.

2013 డిసెంబరు 31 రాత్రి, జనం కొత్త సంవత్సరం కోసం గడియారాలు చూస్తున్న వేళ, షోలాపురం–రాయచూరు 765 కిలోవోల్టుల లైను కట్టారు. రాయచూరు అంటే మన గద్వాలకు పొరుగు వూరే. ఆ రాత్రితో దేశమంతా ఒకే తాళంలోకి వచ్చింది. ఉల్లాసం కలిగించే విషయమే. కాని అంత పెద్ద లైనులోనూ మొదట్లో పారనిచ్చినది బహుకొద్ది. ఒక్క పగ్గంతో రెండు మహావ్యవస్థలను కట్టారు. అటు యేనుగు, ఇటు యేనుగు. ఒకటి కాస్త కదిలితే చాలు, పగ్గం వూగిపోయేది. రెండవ లైను 2014 లో చేరాక, మరికొన్ని దారులు తెరుచుకొన్నాకనే ఆ వూగు తగ్గింది. (శ్రీశైలం రోడ్డుకు జాతీయ రహదారిగా ఇచ్చిన నంబరు కూడా 765 కావడం కేవలం కాకతాళీయం. మా మేనల్లుడు మాత్రం దానిలో యేదో దైవఘటన వుందంటాడు.)

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2 న ఏర్పడేనాటికి కరెంటు కష్టం అలాగే వుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్లు కొనేందుకు ఒడంబడిక జరిగింది. కరెంటు దొరికింది, మరి దారి? వార్ధానుంచి నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లి మీదుగా మహేశ్వరం దాకా 765 కిలోవోల్టుల లైను వేస్తేగాని అది ఇల్లు చేరలేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చిందంటే దాని వెనుక యిటువంటి లైన్లు, సబ్‌స్టేషన్లు వున్నాయి. ఆ కొనుగోలు లాభమా నష్టమా అన్న తగవు వేరు. దాని మీద 2024 లో విచారణ సంఘమే పడింది. రైల్లో బెర్తు రిజర్వు చేసుకొని యెక్కకపోయినా డబ్బు పోయినట్లు, తీగ మీద దారి రిజర్వు చేసుకొని కరెంటు తోలకపోయినా కిరాయి కట్టవలసిందే. ఆ లెక్కలు తేలడం అంత సులభం కాదు.

ఇప్పుడు టీకొట్టు ఆసామి ప్రశ్న. బోర్లకు అర్ధరాత్రి కరెంటు యెందుకు?

రద్దీ పెద్ద లైన్ల దగ్గర ఆగదు. ఒక పల్లె ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కూడా అదే రామాయణం. ఆ రోజుల్లో పల్లెల్ని గ్రూపులుగా విడదీసి, ఒక గ్రూపుకు పగలు కొంతసేపు, రాత్రి కొంతసేపు, మరొకదానికి తారుమారుగా కరెంటు ఇచ్చేవారు. అందరి మోటార్లూ ఒకేసారి తిరిగితే తీగా పట్టదు, ట్రాన్స్‌ఫార్మరూ పట్టదు, అసలు అంత కరెంటూ లేదు. కనుక రాత్రి రెండింటికి కరెంటు వచ్చే గ్రూపువాడు రెండింటికే లేవాలి. చేతిలో టార్చిలైటు, కాళ్ళకు చెప్పులుంటే వున్నట్టు. పొలం గట్టు మీద పామో తేలో. తడిచేత్తో స్టార్టరు ముట్టుకొని పోయినవారి వార్తలు పత్రికల్లో మూడు నాలుగు పంక్తులకు మించి వచ్చేవి కావు. నగరంలో మనం "లోడు సర్దుబాటు" అని చదివి పేజీ తిప్పేవాళ్ళము. ఆ సర్దుబాటు అంతా యిట్లా ఒకరి నిద్రతో, ఒక్కొక్కప్పుడు ప్రాణంతో జరిగింది.

నిద్ర లేవలేక రైతు ఒక వుపాయం కనిపెట్టాడు. ఆటోస్టార్టరు! కరెంటు రాగానే దానంతట అది మోటారును నడుపుతుంది. వుపాయం బాగానే వుంది. ఐతే కరెంటు వచ్చిన క్షణాన ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి. కదిలేటప్పుడు మోటారు మామూలుకంటె కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. దాంతో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. అది బాగయి వచ్చేదాకా అందరి పైరూ ఎండేది. మన్ననూరు గేటు యెత్తగానే బండ్లన్నీ ఒక్కుమ్మడిగా తోసుకొని కమ్మీలు విరగ్గొట్టినట్లు. ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చాక "ఆటోస్టార్టర్లు తీసివేయండి" అని సర్కారువారు వూరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది. వానిలో కొందరు తీశారు. కొందరు తీయలేదు. పాత భయం అంత తొందరగా పోదు గదా!

మన్ననూరు దాటి అడవిలోనుంచి పోతే దోమలపెంట, యీగలపెంట వస్తాయి. అక్కడ కొండ కడుపులో శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రం వున్నది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, మొత్తం 900. కృష్ణకు అవతలి గట్టున వున్న కుడిగట్టు కేంద్రానిది 770. రద్దీని విప్పడంలో జలవిద్యుత్తుకు సాటి లేదు. బొగ్గు కేంద్రాన్ని వేడెక్కించి లేపడానికి గంటలు పడుతుంది. నీటి యంత్రం నిమిషాలలో లేస్తుంది. సాయంకాలం పట్నంలో దీపాలన్నీ వెలిగే వేళ దూరపు లైన్లు నిండిపోతే, యిక్కడ నీళ్ళు వదిలితే ఆ బరువు దిగుతుంది. ఎడమగట్టు యంత్రాల విశేషమేమంటే అవి తిరగేసి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలిపోయే వేళ కింది నీళ్ళను మళ్ళీ పైకి తోడవచ్చు. ఖాళీ వేళల్లో తీగను వాడుకొని, రద్దీ వేళల్లో తీగకు విశ్రాంతినిచ్చే యేర్పాటు అది. ఐతే ఆ నీరు సాగుకు ముందా, కరెంటుకు ముందా అని 2021 లో రెండు రాష్ట్రాలు పోలీసులను దించుకొనేదాకా వెళ్ళాయి. తీగ ఖాళీగా వుండీ, యంత్రం సిద్ధంగా వుండీ, నీళ్ళు తగవులో వుంటే లోడ్ డిస్పాచ్‌వాడు యేం చేస్తాడు?

ఆ కేంద్రంలోనే 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచాయి. సొరంగం నిండా పొగ. తొమ్మిదిమంది పోయారు, వారిలో ఇంజనీర్లున్నారు. ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు మా మేనల్లుడు అద్దంలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేనూ మాట పెంచలేదు. ఒకేసారి 900 మెగావాట్ల కేంద్రం మూగపోయినా రాష్ట్రంలో దీపాలు ఆరలేదు. ఇందాక చెప్పిన ఆ "ఖాళీ" చోటు ఆనాడు ఆదుకొన్నది.

ఇదే శ్రీశైలం నీళ్ళమీద యింకొక చిత్రం చూడండి. కొల్లాపురం వైపు యెల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులున్నాయి, ఒక్కొక్కటి 30 మెగావాట్లది. పాలమూరు–రంగారెడ్డి పథకంలో 2023 సెప్టెంబరులో మొదటిసారి తిప్పిన పంపు ఒక్కటే 145 మెగావాట్లు! అంటే ఒక పంపు తిరగడానికి ఎడమగట్టులో దాదాపు ఒక యంత్రం తిరగాలి. కరెంటు పుట్టే చోటనే కరెంటు ఖర్చూ పుట్టింది. ఒక విధంగా తీగకు మంచిదే. పుట్టినది దూరం పోనక్కరలేదు. పంపులకు యింకొక గుణం వుంది. ఇంట్లో దీపాన్ని "కాసేపాగి వెలుగు" అనలేము, పంపును అనవచ్చు. రద్దీ వేళ ఆపి, తీరిక వేళ తోడుకొంటే నీళ్ళకేమీ కోపం రాదు.

2025 మార్చిలో తెలంగాణ కరెంటు వాడకం ఒక దశలో 17 వేల మెగావాట్లు దాటింది. రబీ వరికి బోర్లు, పట్నంలో ఏసీలు, రెండూ కలిసిన రోజులవి. దేశంలోనూ రద్దీ దిక్కు మార్చుకొన్నది. ఇప్పుడు రాజస్థాన్ ఎడారిలో ఎండనుంచి పుట్టిన కరెంటు మధ్యాహ్నం దారిలేక ఆగిపోతున్నది. సోలారు పలకలు ఏడాదిన్నరలో పరుస్తారు. లైను వేయడానికి నాలుగైదేళ్ళు. పలకలవాడు ముందు, తీగవాడు వెనుక. పెళ్ళికొడుకు పీటలమీద కూర్చున్నాక రోడ్డు వేయడం మొదలుపెట్టినట్లుంది వ్యవహారం.

"మరి యింకా లైన్లు వేస్తే పోదా?" అని అడిగాను.

"ఎక్కడ వేస్తవు మామా?" అని అతడు చుట్టూ చెయ్యి చూపాడు. నల్లమల అంతా ఆకుపచ్చగా వున్నది. 400 కిలోవోల్టుల లైనుకు 46 మీటర్ల వెడల్పు దారి కావాలి, 765 డబుల్ లైనుకు 67 మీటర్లు. అంత మేర పెద్ద చెట్టు వుండరాదు. పులికీ, చెంచులకూ అది అడవికి పడిన పాపిడి. పైగా యీ అడవి లోపలి కొన్ని చెంచు పెంటల్లో యీనాటికీ సోలారు దీపాలే వెలుతురు. వారి నెత్తిమీదుగా పట్నానికి మరో లైను తీయాలంటే నాకయితే మనసొప్పలేదు.

ఉన్న టవర్ల మీదనే తీగ మార్చడం యింకొక మార్గం. వేడెక్కినా అంతగా సాగని కొత్తరకం తీగలు వచ్చాయి. అదే దారిలో, చెట్టు కొట్టకుండా, పాతదానికి రెట్టింపు వరకూ కరెంటు మోయిస్తారు. ఖరీదు యెక్కువ. అదీకాక తీగ మార్చేటన్ని రోజులూ లైను ఆపాలి, ఆ బరువంతా పక్క లైను మీద పడుతుంది. 2012 లో గ్వాలియరు దగ్గర జరిగింది అదే. కనుక ఆ పనికి వానలు వెనుకబట్టి, బోర్లు యింకా కదలని కార్తీకమాసపు రోజులు చూసి పెట్టుకోవాలని మా మేనల్లుడి లెక్క.